రాజాజీ ఏ పంక్తివారు?

రాజకీయములలో మనుష్యులను రెండు పంక్తులుగా కూర్చుండబెట్టుట మనకు అలవాటు. పాతను నిలుపవలెననువారు ఒక వరుస, మార్పు కావలెననువారు వేరొక వరుస. చక్రవర్తి రాజగోపాలాచార్యులవారికి విస్తరి వేయవలసి వచ్చినప్పుడు మాత్రము వడ్డించువారి చేయి ఆగిపోవుచుండెను. హరిజనులకు దేవాలయముల తలుపులు తెరచిన చట్టము వారిదే. కులవృత్తిని బడిపిల్లలపై రుద్దినదని నిందకు గురియైన పథకమును వారిదే. కల్లు దుకాణములు మూయించిన రాజాజీయే బియ్యపు వ్యాపారముపై నున్న కట్టుబాట్లను తొలగించిరి. నిలకడ లేదని కొందరు, చాణక్యమని కొందరు అనిరి. ఈ రెండును తొందరపాటు మాటలని మేము తలచుచున్నాము.

1937 జూలైలో రాజాజీ చెన్నరాజధానికి ప్రధానమంత్రి అయిరి. రాష్ట్ర మంత్రివర్గ నాయకుని ఆనాడు అట్లే పిలిచెడివారు. మన సర్కారు జిల్లాలును, రాయలసీమయు ఆ రాజధానిలోనివే. ధరలు పడిపోయి, పండించిన ధాన్యము గిట్టక, రైతు అప్పులలో మునిగియున్న కాలమది. 1938లో వచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వము చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీనంతయు రద్దుచేసినది. అంతటితో ఆగలేదు. వడ్డీ రూపమున గాని, అసలు రూపమున గాని, అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు ఆ అప్పునుండి పూర్తిగా విముక్తుడైనట్లే యని శాసించినది.

వ్రాసి యిచ్చిన పత్రము చెల్లకుండ చేయుటకంటె ఆస్తిహక్కుపై పెద్ద దెబ్బ యేమున్నదని వడ్డీవ్యాపారి అడుగవచ్చును. కాని ఆ రెట్టింపు హద్దు రష్యానుండి దిగుమతి యైనది కాదు. వడ్డీ అసలును మించరాదని మన ధర్మశాస్త్రములు ఏనాడో చెప్పినవి. న్యాయస్థానములలో దానిని దాందుపట్ న్యాయమందురు. రాజాజీ చట్టము దానికి దగ్గరి చుట్టము, దానికంటె ఒక అడుగు ముందు. మార్పు కోరువారు మెచ్చిన ఈ నిబంధనలో సంప్రదాయమెంత, సంస్కరణమెంత యని పాళ్లు తేల్చుట సులభము కాదు.

మద్యనిషేధమును 1937 అక్టోబరులో సేలము జిల్లాలో ఆరంభించి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. పోయిన అబ్కారి రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను వచ్చినది. (తాగనివాడు కూడ తాగుబోతు మానినందుకు మూల్యము చెల్లించుట యని దీనిని చూచి నవ్వుకొనవచ్చును.) ఆ యేడే జూలైలో వైద్యనాథయ్యరుగారు హరిజనులను వెంటబెట్టుకొని మధుర మీనాక్షి ఆలయమున ప్రవేశించిరి. వారిపై వ్యాజ్యములు నడువకుండ రాజాజీ మొదట ఆర్డినెన్సును, పిమ్మట చట్టమును తెచ్చిరి. ఆలయమును నిలుపగోరియే దాని తలుపు తెరచిరి. ఇక హిందీ సంగతి: 1938లో బడులలో నిర్బంధముచేసి, ఎదిరించినవారిని చెరసాలకు పంపినవారే, ఇరువది యేండ్ల తరువాత హిందీని ఏకైక అధికారభాష చేయరాదని వాదించిరి. ఇది మాత్రము మనస్సు మార్చుకొనుటయే.

1952లో రాజాజీ మరల చెన్నరాష్ట్రమున అధికారమునకు వచ్చిరి. జూన్‌లో ఆహారధాన్యముల కంట్రోలు ఎత్తివేసిరి. మద్యనిషేధమును మాత్రము కదపలేదు. వారి చూపులోని గీత ఇచట కొంత స్పష్టపడును. మనుష్యుని వ్యసనమునకును, వడ్డీకోరుని ఆశకును ప్రభుత్వము అడ్డుకట్ట వేయవచ్చును. దున్నువాని చేతికిని, అమ్మువాని త్రాసుకును వేయరాదు.

1953లో ఆ చూపే తప్పినది. పల్లెబడులలో చదువును దినమునకు మూడు గంటలకు తగ్గించి, మిగిలిన పొద్దు పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకొనవలెనని పథకము వేసిరి. బడులు చాలని కాలమున రెండు వంతులుగా నడిపిన రెట్టింపు పిల్లలు చదువగలరను లెక్కయు అందు కలదు. లెక్క సరియైనదే. కాని వైద్యుని కొడుకునకు తండ్రివృత్తి ఆస్తి యగును, చెప్పులు కుట్టువాని కొడుకునకు అదియే అప్పగును. కులవిద్యా పథకమని ద్రావిడ ఉద్యమకారులు ఎదిరించిరి. 1954లో రాజాజీ పదవి విడిచిరి. తరువాత వచ్చిన కామరాజు నాడార్‌గారు పథకమును రద్దుచేసిరి.

1959 జనవరిలో నాగపురి కాంగ్రెసు సహకార సమష్టి వ్యవసాయమును తీర్మానించినది. ఆ జూన్‌లో చెన్నపట్టణమున స్వతంత్ర పార్టీ పుట్టినది. అధ్యక్షులు మన నిడుబ్రోలు వాస్తవ్యులైన ఆచార్య రంగాగారు. జమీందారీలపై రైతులను నడిపిన రంగాగారు, రాజులును జమీందారులును చేరిన పార్టీకి నాయకులగుట చాలమందికి వింతగా తోచెను. జమీందారుని కాదన్నప్పుడును, సమష్టి క్షేత్రమును కాదన్నప్పుడును వారు కోరినది రైతు భూమి రైతుదిగా నుండుటయే. ఆ పార్టీలో ఇంకొక విశేషము కలదు: మౌలిక సూత్రములలో చేరని విషయములందు సభ్యుని అభిప్రాయము సభ్యునిదే. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీకి 1962లో 19 స్థానములు, 1967లో 29 స్థానములు లభించెను.

పర్మిట్-లైసెన్సు-కోటా రాజ్యమని తాము పేరుపెట్టిన దానిని కూల్చుటకై, 1967 ఎన్నికలలో రాజాజీ ద్రవిడ మున్నేట్ర కజగముతో చేయి కలిపిరి. పదునాలుగేండ్ల క్రిందట తమ పథకమును ఎదిరించినవారే వీరు. గెలుపు లభించినది. 1971లో ఆ ప్రభుత్వమే మద్యనిషేధమును ఎత్తివేయ సమకట్టగా, తొంబదిరెండేండ్ల రాజాజీ స్వయముగా ముఖ్యమంత్రి కరుణానిధిగారిని కలిసి, వలదని అర్థించిరి. దుకాణములు తెరచుకొనెను.