పది పౌనుల ట్రాము

1948 ఆగస్టు నెలలో కొందరు ట్రాము ప్రియులు ఇంగ్లండు దక్షిణతీరమందలి సౌతాంప్టను నగరమునకు వచ్చిరి. అచ్చటి ట్రాములు త్వరలో ఆగిపోనున్నవి. కడసారి వాని నెక్కి తిరుగవలెనని వారి కోరిక. వారెక్కిన బండ్లలో 45వ నంబరుది 1903లో కట్టినది. దాని పై అంతస్తుకు కప్పు లేదు. ఆ నగరపు పాత కోటద్వారమైన బార్‌గేటు కమాను క్రిందుగా పోవలసియుండుటచే బండి ఎత్తు తగ్గింపవలసి వచ్చెను. అందువలన పై అంతస్తున నడుమ ఒక పొడవాటి బల్ల వేసి, ప్రయాణికులు వీపునకు వీపు చేర్చి కూర్చుండునట్లు అమర్చిరి. ఈ వింతబండి పాత ఇనుము వర్తకుని పాలగుట వారికి కష్టముగ తోచినది. చందాలు వేసికొని 10 పౌనులకు దానిని కొనిరి.

కొనుట తేలికయే. అన్ని టన్నుల బండిని నిలుపుట యెచ్చట? పట్టాలు లేని చోట, తీగ లేని చోట అది కేవలము ఒక కొయ్యగది. ఈ చిక్కు తీరుటకు 10 సంవత్సరములకు పైగా పట్టినది.

విద్యుత్తుతో నడచు బండ్ల చరిత్రను ఇచ్చట కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. 1879లో బెర్లిను ప్రదర్శనమున వెర్నర్ ఫాన్ సీమెన్స్ ఒక చిన్న విద్యుత్ రైలును నడిపి చూపెను. 1881లో ఆ నగరపు శివారైన లిక్టర్‌ఫెల్డెలో ప్రజలెక్కు ట్రాము వచ్చినది. అయితే నగరమంతట నమ్మకముగ నడచు పద్ధతిని నెలకొల్పినవాడు అమెరికా దేశీయుడైన ఫ్రాంక్ స్ప్రేగ్. 1888లో రిచ్మండు నగరమున ఆయన మోటారు ఒక ప్రక్కను ఇరుసుమీదనే మోపి, రెండవ ప్రక్కను స్ప్రింగుతో చట్రమునకు వ్రేలాడదీసెను. బండి ఎంత ఎగిరిపడినను పళ్లచక్రములు విడిపోక పట్టుకొనియుండును. చూచుటకు స్వల్పమైన యుక్తియే గాని తరువాత వేలకొలది బండ్లకు ఇదియే ఆధారమైనది.

మన మదరాసు ఈ విషయమున వెనుకబడలేదు. లండను వీధులలో విద్యుత్ ట్రాములు 1901లో ప్రవేశింపగా, మదరాసులో 1895లోనే నడచినవి. తొలుత విద్యుత్తు నేలలోని కాలువనుండి అందుచుండెను. వానకాలమున ఆ కాలువలోనికి నీరు చేరుచుండుటచే పైతీగ పద్ధతికి మారిరి. ఇంగ్లండులో 1885లో ఇట్టి కాలువతోనే ప్రారంభించిన బ్లాక్‌పూల్ నగరమునకు సముద్రపు నీరు, ఇసుక ఇదే పాఠమును నేర్పినవి. మదరాసు ట్రాములు 1953 ఏప్రిల్ 12న నిలిచిపోయినవి. ఆంధ్రరాష్ట్ర మేర్పడినది ఆ తరువాత కొన్ని నెలలకే గనుక, నాటివరకు ఆంధ్రులకు రాజధాని ట్రాములనిన అవియే.

బస్సులకు పట్టాలు వేయనక్కరలేదు, తీగ లాగనక్కరలేదు. పాతబడిన పట్టాలను మార్చు ఖర్చు చూచి నగరములు ఒక్కొక్కటిగా ట్రాములను వదలుకొన్నవి. లండనులో 1952లోను, షెఫీల్డులో 1960లోను, గ్లాస్గోలో 1962లోను అవి అంతరించెను. బండ్లలో పెక్కింటిని తగులబెట్టిరి. కొన్నింటి పైభాగములు మాత్రము రైతుల కోళ్లగూళ్లుగను, తోటలలో కొట్లుగను బ్రతికి బయటపడినవి.

సౌతాంప్టను బండిని కొన్న వారి ప్రయత్నమునుండి 1955లో ట్రాము ప్రదర్శనశాలా సంఘ మేర్పడెను. అంతకు పూర్వమే 1951లో వేల్సునందలి టాలిలిన్ రైలుమార్గమును జీతములేని సేవకులు నడుపుటకు పూనుకొనియుండిరి. డెర్బీషైరులోని క్రిచ్ గ్రామమున జార్జి స్టీఫెన్‌సన్ సున్నపురాతికై వేయించిన చిన్న రైలు మూతపడగా, దాని పట్టాలను ఊడదీసికొనిపోవుటకు టాలిలిన్ వారు వచ్చిరి. ఆ విధముగ ఆ పాడుపడిన రాతిగని సంగతి ట్రాము సంఘమువారికి తెలిసినది. 1959లో వారచ్చట చేరిరి. ఆదివారములందు, సెలవులందు బురదలో పట్టాలు మోసిరి, స్తంభములు నాటిరి. 1963లో తొలుత గుఱ్ఱమును కట్టి ఒక బండిని లాగించిరి. 1964లో విద్యుత్తుతో నడపిరి.

అమెరికాలో ఇట్టి పని ఇంకను ముందే మొదలైనది. 1939లో మెయిన్ రాష్ట్రమున బిడ్డెఫర్డు–సాకో కంపెనీ తన ట్రాములకు బదులు బస్సులు పెట్టబోవుచున్నదని విని కొందరు యువకులు 31వ నంబరు బండిని 150 డాలర్లకు కొని, కెన్నెబంక్‌పోర్టువద్ద ఒక పొలములో నిలిపిరి. నేడచ్చట రెండువందలకు పైగా బండ్లున్నవి.

ఇక పని యెట్లు చేయుదురు? కోళ్లగూడైన బండిని తెచ్చినపుడు చక్రములుండవు, మోటార్లుండవు, క్రిందిదూలములు చివికియుండును. 1904లో కట్టిన చెస్టర్‌ఫీల్డు 7వ బండి ఇట్లు మానవ నివాసముగ మారియుండి తిరిగి పట్టాల నెక్కినది. మొదట రంగును పొరపొరగ గీకి, అడుగున నున్న అసలు రంగును, అక్షరములను కనుగొందురు. చివికిన కొయ్యను తీయుటకు ముందే దాని కొలతలు వ్రాసికొనవలెను; పడిపోయిన ముక్కయే కొత్తముక్కకు నమూనా.

మోటారు సంగతి మరింత సున్నితము. ఆర్మేచరు చుట్లకు వేసిన నూలుగుడ్డ, వార్నీషు ఏండ్లతరబడి తేమ పీల్చి చెడును. అట్టి చుట్లలోనికి 600 వోల్టులను వదలినచో కాలిపోవును. కాబట్టి రాగిచుట్లను విప్పి, కొత్త బంధకములు చుట్టి, వార్నీషులో ముంచి, పొయ్యిలో ఆరబెట్టుదురు. కమ్యుటేటరులోని రాగిపలకల నడుమ అభ్రకపు రేకులుండును. నెల్లూరు మండలపు గనులనుండి విదేశములకు పోయిన అభ్రకము ఇట్టి పనులకే ఉపయోగించెడిది.

డ్రైవరు త్రిప్పు కంట్రోలరును గూర్చి విద్యార్థులు ప్రత్యేకముగ తెలిసికొనవలెను. మోటారు చుట్ల నిరోధము 1 ఓము అనుకొందము. కదలక నిలిచిన మోటారులో ఎదురు విద్యుచ్చాలకబలము పుట్టదు గనుక, 600 వోల్టులు నేరుగ తగిలినచో 600 ఆంపియర్ల ప్రవాహము పారును, తీగలు మాడిపోవును. అందుచే తొలి మెట్లలో రెండు మోటార్లను శ్రేణిగ కలిపి, వానితో ఇనుప నిరోధకములను కూడ చేర్చుదురు. వేగము హెచ్చినకొలది ఎదురుబలము పెరుగును, నిరోధకములను ఒక్కొక్కటిగ తొలగింపవచ్చును. పిదప మోటార్లు సమాంతరముగ మారి పూర్తివేగము వచ్చును. నిరోధకములున్న మెట్టుమీద ఎక్కువసేపు నిలుపరాదు; అవి వేడెక్కి వాసన వచ్చును. ఈ సంగతి పటములో చూచిన కొలదిమాత్రమే తెలియును. చేతికి తెలియవలెననిన, వెనుకటి డ్రైవర్లు ప్రక్కన నిలిచి నేర్పవలసినదే. జీతముపుచ్చుకొని ట్రాములు నడపిన తరమువారు తగ్గిపోవుకొలది, ఈ చేతివిద్య స్వచ్ఛంద సేవకులలోనే మిగిలినది.

ఇచ్చట పెద్ద తగవొకటి ఉన్నది. బండిని నడపినచో చక్రపుటంచు అరుగును, బేరింగులు అరుగును, తీగను తాకు చిన్న చక్రము అరుగును. అరిగిన ప్రతి భాగమునకు బదులు కొత్తది వేయుచుపోగా, కొంతకాలమునకు పాతబండి యనదగినది అందులో ఎంత మిగులును? అద్దాలగదిలో నిలిపినచో ఒక్క మేకు కూడ చెడదు గదా యని కొందరు వాదింతురు. నా అభిప్రాయమున, మోటారు మూలుగు, కంట్రోలరు టకటకలు, వంపున చక్రముల కీచు వినకుండ ట్రాము అనగా ఏమో బాలురకు బోధపడదు. అయినను అన్నింటిని నడపుట తగదు. ఒక రకమునకు మిగిలినది ఒక్క బండియే యైనపుడు, రంగు సైతము చెక్కుచెదరక దొరికినపుడు, దానిని తాకకుండుటయే మేలు. బ్లాక్‌పూల్ తొలినాటి బండియొకటి, 1885 నాటిది, క్రిచ్‌లోనే యున్నది. దానికి విద్యుత్తు నందించు నేలకాలువ ఇప్పుడెచ్చటను లేదు.

45వ నంబరు బండికి మాత్రము పైకప్పు నేటికిని లేదు. క్రిచ్ గనిలో బార్‌గేటు వంటి కమాను లేకున్నను, పైబల్లమీద వీపునకు వీపు చేర్చియే కూర్చుండవలెను.