గులాబీ పువ్వులు, తగర డబ్బా, మన ఆడవాళ్ళ మీద పడ్డ మాట



పోయిన దీపావళికి, ఒంటరిగా ఉంటున్న మన పెద్దవాళ్ళ ఇళ్ళకు సంఘం తరపున పంచిన గులాబీ పువ్వుల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఏడుగురు అక్కచెల్లెళ్ళు రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి చేశారు. మొత్తం అరవై పొట్లాలు. నాలుగో రోజు నుంచే ఫోన్లు మొదలయ్యాయి. మెత్తబడిపోయాయని కొందరు, సిక్కు వాసన కొడుతోందని కొందరు. తరువాత జరిగిన సమావేశంలో తలా ఒక మాట అన్నారు. పిండి సరిగ్గా కలపలేదన్నారు. పాకం తెలియనివాళ్ళు చేస్తే ఇంతే అన్నారు. గులాబీ పువ్వులకు పాకమే లేదు, అయినా పాకం తప్పిందని నింద పడింది! వచ్చే ఏడాది అంగడిలో కొని పంచేద్దామని తీర్మానం దాకా వచ్చింది. ఆ ఏడుగురిలో ఇద్దరు ఆ రోజు నుంచి హాలు వైపే రావడం లేదు.

ఆ సమావేశంలో మేము నోరు విప్పలేదు. ఎందుకంటే ఆ పొట్లాలు కట్టిన నలుగురిలో మేమూ ఒకరం. ఇన్నాళ్ళకు కొంచెం చదివి, కొంచెం ఆలోచించి ఇది రాస్తున్నాము. తీర్మానం మీద చెయ్యి ఎత్తేముందు అందరూ ఓపికగా చదవమని మనవి.

గులాబీ పువ్వు మన ఇళ్ళలో తెలియనిది కాదు. బియ్యప్పిండి, మైదా, చక్కెర, కొబ్బరిపాలు, కాసిని నువ్వులు. కొన్ని ఇళ్ళలో కోడిగుడ్డు కూడా కలుపుతారు. కాగిన ఇనుప అచ్చును పిండిలో ముప్పాతిక వంతు ముంచి, నూనెలో పెట్టి విదిలిస్తే పువ్వు విడిపోతుంది. తమిళంలో అచ్చు మురుక్కు అంటారు. కేరళ క్రైస్తవులు అచ్చప్పం అంటారు. ఆంగ్లో ఇండియన్లకు అది రోజ్ కుకీ, క్రిస్మస్ పలహారం. కుకీ అన్న ఇంగ్లీషు మాట డచ్చి వాళ్ళ 'కూక్యె' నుంచి వచ్చింది. శ్రీలంకలో ఇదే పలహారాన్ని కొకిస్ అంటారు, అదీ ఆ మాటకు చుట్టమే.

మాకు ఈ పలహారం పరిచయమైంది రైల్వే కాలనీలో. దక్షిణ భారత రైల్వే వాళ్ళ వర్క్‌షాపు మొదట నాగపట్నంలో ఉండేది. 1928లో దాన్ని తిరుచ్చి దగ్గర పొన్మలైకి మార్చారు. దాని చుట్టూ పెద్ద కాలనీ లేచింది. ఒకే వరుసలో ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇల్లు, తమిళ ఫిట్టరు ఇల్లు, తెలుగు గుమాస్తా ఇల్లు. దీపావళికి మన ఇంటి నుంచి మురుకులు, అదిరసాలు వాళ్ళింటికి వెళ్ళేవి. డిసెంబరులో వాళ్ళింటి నుంచి రోజ్ కుకీలు, కుల్‌కుల్‌లు మన ఇంటికి వచ్చేవి. అచ్చు ఒకరింటి నుంచి ఒకరింటికి తిరిగేది. మా అవ్వ కోడిగుడ్డు తీసేసి, కొబ్బరిపాలు ఎక్కువ పోసి, దాన్ని మన పండుగ పలహారం చేసుకుంది.

చెయ్యడం అవ్వకు రెండు మూడు సార్లకే పట్టుబడింది. నిలవ పెట్టడమే కష్టమయింది. మురుకు గట్టిది, కాస్త మోటుగా పట్టుకున్నా ఓర్చుకుంటుంది. గులాబీ పువ్వు కాగితమంత పలచన. దాని ఒంటి నిండా గాలి సోకే చోట్లే. పైగా చక్కెర ఉంది, చక్కెర గాలిలోని తేమను లాక్కుంటుంది. వేలు గట్టిగా తగిలితే విరుగుతుంది, గాలి తగిలితే మెత్తబడుతుంది. ఇంకో చిక్కు ఉంది. మనం ఉండేది తమిళనాట. ఇక్కడ దీపావళి వచ్చేది ఐప్పసి మాసంలో, ఈశాన్య రుతుపవనం వానలు పట్టే వేళలో. సంక్రాంతికి చేసిన పలహారం పొడిగాలిలో నిలుస్తుంది. దీపావళికి చేసింది వానగాలిలో నిలవాలి. మన అవ్వలు, అమ్మలు ఇన్ని తరాలుగా ఈ వానతోనే పోరాడుతూ వచ్చారు.

పూర్వం ఇళ్ళలో పలహారాలకు మట్టికుండ, వాసెన కట్టిన బాన, మూత ఉన్న ఇత్తడి సంబడం ఉండేవి. మట్టికుండ చెమ్మను లోపలికి రానిస్తుంది. ఇత్తడి రానివ్వదు, కానీ ఇత్తడిలో రాగి ఉంది. నూనెతో చేసిన వస్తువుకు రాగి తగిలితే ఆ నూనె త్వరగా చెడుతుంది. అందుకే లోపల కళాయి పూయించేవాళ్ళు. ఆ కళాయి ఏమిటి? తగరమే. మాది తమిళ మీడియం చదువు. తగరం అంటే రేకు అనే మాకు చిన్నప్పటి నుంచి అర్థం. తెలుగు పుస్తకాలు చదవడం వచ్చాక తెలిసింది, తగరం ఒక లోహమని. ఇనుపరేకుకు తుప్పు పట్టకుండా పైన పూసేది ఆ లోహాన్నే. అంటే కళాయి వేసిన ఇత్తడి పాత్రకూ బిస్కెట్టు డబ్బాకూ పైపూత ఒకటే.

ఆ డబ్బా కథ మొదలైంది కూడా ప్రయాణం వల్లనే. ఇంగ్లండులో రీడింగ్ అనే ఊరిలో 1822లో జోసెఫ్ హంట్లీ బిస్కెట్ల అంగడి పెట్టాడు. లండన్ నుంచి బాత్ పోయే గుర్రపు కోచ్‌లు అతని అంగడి ఎదుట ఆగేవి. ప్రయాణికులు కొన్న బిస్కెట్లు దారి కుదుపులకు విరిగిపోయేవి. అప్పుడు తగరపు డబ్బాలలో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. అతని కొడుకే ఎదురుగా ఇనుపసామాన్ల అంగడి పెట్టి ఆ డబ్బాలు చేశాడు. 1841లో జార్జ్ పామర్ భాగస్వామిగా చేరాడు. తరువాత హంట్లీ అండ్ పామర్స్ డబ్బా ఓడలెక్కి లోకమంతా తిరిగింది. దొరల బంగళాలకు వచ్చిన డబ్బా, బిస్కెట్లు అయిపోయాక వంటవాళ్ళ ఇళ్ళకు, గుమాస్తాల ఇళ్ళకు చేరింది.

సామాన్యుల ఇళ్ళకు మాత్రం తగర డబ్బాను తెచ్చింది బిస్కెట్టు కాదు, కిరోసిన్. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా నుంచి, రష్యా నుంచి కిరోసిన్ తగరపు డబ్బాలలో వచ్చేది. ఒక చెక్కపెట్టెలో రెండు డబ్బాలు. ఒక్కొక్కటి సుమారు పద్దెనిమిది లీటర్లు. నూనె అయిపోయాక ఆ డబ్బా ఎన్నో అవతారాలు ఎత్తింది. నీళ్ళు మోసింది, ఇంటి కప్పయింది, మూత పెట్టించుకుని బియ్యం డబ్బా అయింది. ఆ రేకు మొదట్లో వేల్స్ దేశం నుంచి దిగుమతి అయ్యేది. మనదేశంలోనే చెయ్యాలని బర్మా ఆయిల్ కంపెనీ, టాటా వాళ్ళు కలిసి 1920లో టిన్‌ప్లేట్ కంపెనీ పెట్టారు. జంషెడ్‌పూర్‌లోని గోల్మురిలో 1922లో రేకు తయారయింది. 1929లో అక్కడ నెలల తరబడి సమ్మె జరిగితే సుభాష్ చంద్ర బోస్ కార్మికుల పక్షాన నిలిచాడు. జంషెడ్‌పూర్‌లో శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు ఈనాటికీ ఎందరో ఉన్నారు. మనలాగే ఇల్లు వదిలి పనికోసం పోయినవాళ్ళు.

1937లో డాల్డా వచ్చింది. పసుపుపచ్చ రంగు మీద ఖర్జూరపు చెట్టు బొమ్మ ఉన్న ఆ డబ్బా ఖాళీ అయ్యాక పారేసిన ఇల్లు లేదు. మా ఇంట్లో గులాబీ పువ్వులు డాల్డాలోనే వేయించేవాళ్ళు, డాల్డా డబ్బాలోనే పెట్టేవాళ్ళు. అవి నెల దాటినా బాగుండేవి. అవ్వ చేతి మహిమ అనుకునేవాళ్ళం. చేతి మహిమ ఉంది, కాదనము. కానీ వనస్పతి త్వరగా సిక్కు వాసన పట్టదు, తగర డబ్బా వెలుతురును, గాలిని రానివ్వదు. ఈ రెండూ అవ్వకు తోడున్నాయి. ఇప్పుడు వనస్పతి గుండెకు మంచిది కాదని తెలిసింది. నూనెలలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించకూడదని 2022 నుంచి ప్రభుత్వ నియమం కూడా ఉంది. మంచిదే. మన అక్కచెల్లెళ్ళు పొద్దుతిరుగుడు నూనె వాడారు, అదీ ఆరోగ్యం కోసమే. అయితే ఆ నూనె గాలికి, వెలుతురుకు త్వరగా చెడే జాతి. వేరుశెనగ నూనె అంతకంటే ఓర్చుకుంటుంది, కొబ్బరినూనె ఇంకా ఓర్చుకుంటుంది. నూనె మారినప్పుడు నిలవ పెట్టే తీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మనం ఏం చేశాము?

జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాము. సాయంత్రం ఏడు గంటలకు ఆఖరి వాయి దిగింది. తెల్లవారితే పంచాలి. గంట ఆగమని ఒక అక్క చెప్పింది. మేము ఆగలేదు. వేడి ఇంకా ఉండగానే పలచని ప్లాస్టిక్ కవర్లలో వేసి మూతి కట్టేశాము. వేడి పలహారం నుంచి వచ్చే ఆవిరి కవరు లోపల నీటిబొట్లుగా పట్టింది, ఆ నీళ్ళు పువ్వులే పీల్చుకున్నాయి. అదే కవరులో పక్కన రెండు అదిరసాలు కూడా పెట్టాము. అదిరసంలో చెమ్మ ఉంటుంది. తడి వస్తువు, పొడి వస్తువు ఒకే చోట మూసిపెడితే చెమ్మ తడి దాని నుంచి పొడి దానికి పోతుంది. అదిరసం గట్టిపడింది, పువ్వు మెత్తబడింది. తరువాత రోజంతా ఆ పొట్లాలు హాలు కిటికీ పక్క ఎండలో ఉన్నాయి. సిక్కు వాసనకు అది చాలు.

పార్సిల్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళం మేము. అక్కడ సరుకు విరిగిందని ఎవరైనా నష్టపరిహారం అడిగితే మొదట చూసేది సరుకును కాదు, ప్యాకింగును. బుక్ చేసేటప్పుడే ప్యాకింగు సరిగా లేకపోతే రసీదు మీద ఆ మాట రాసేవాళ్ళం. ప్యాకింగు లోపం వల్ల పోయిన సరుకుకు బాధ్యత పంపినవాడిదే అని రైల్వే చట్టమే చెబుతుంది. ఇన్ని వేల రసీదుల మీద ఆ మాట రాసిన చెయ్యి, సొంత సంఘంలో కట్టిన అరవై పొట్లాలను చూసుకోలేదు. వస్తువు చేసినవాళ్ళను తిట్టుకుంటూ కూర్చున్నాము.

ఇంకొక తప్పు కూడా చేశాము. పలహారం పాడవడంలో రెండు రకాలున్నాయి. నెమ్మెక్కడం ఒకటి, తమిళంలో నమత్తుపోవడం అంటారు. సిక్కు పట్టడం ఇంకొకటి. సిక్కు పట్టిన నూనె మళ్ళీ మంచిది కాదు, దాన్ని పారెయ్యాల్సిందే. కానీ ఒట్టి నెమ్మెక్కినదాన్ని సన్నని సెగ మీద, లేక ఓవెన్‌లో తక్కువ వేడిలో కొన్ని నిమిషాలు ఉంచి ఆరనిస్తే మళ్ళీ కరకరలాడుతుంది. మా అవ్వ దోసె పెనం దించాక ఆ వేడి మీదే పెట్టేది. మనం వెనక్కి వచ్చిన పొట్లాలన్నీ వాసన కూడా చూడకుండా చెత్తలో వేశాము. ఆ రోజు హాలులో ఆ ఏడుగురూ ఉన్నారు, చూశారు.

అందుకని ఈసారి సమావేశంలో మా ప్రతిపాదన ఇది. అంగడిలో కొనవద్దు. ఆ ఏడుగురినీ ఇళ్ళకు వెళ్ళి పిలుద్దాము. నూనె ఏదన్నది వాళ్ళే చెబుతారు. వేయించినవి వెడల్పు బట్ట మీద పూర్తిగా చల్లారాకే ముట్టుకుందాము, ఎంత రాత్రయినా సరే. ప్లాస్టిక్ కవర్లు మానేసి, గట్టి మూత ఉన్న చిన్న తగర డబ్బాలు కొందాము. తుప్పు ఉన్నది ఒక్కటి కూడా వద్దు, తుప్పు తగిలితే నూనె ఇంకా త్వరగా చెడుతుంది. అడుగున కాగితం, ఒక వరుస పువ్వులు, మళ్ళీ కాగితం. పైదాకా నిండాలి, ఖాళీ ఉంటే కుదుపుకు విరుగుతాయి, గాలీ ఉంటుంది. అదిరసాలకు వేరే డబ్బా. మూత మీద చేసిన తేదీ, 'తడిచెయ్యి పెట్టకండి' అన్న మాట రాద్దాము. ఈ కట్టే పని మగవాళ్ళది.

డబ్బాకు ఖర్చు ఎక్కువ అంటారేమో. డబ్బాలు తిరిగి తెచ్చుకుందాము. కాలనీలో ఆంగ్లో ఇండియన్ల ఇంటి నుంచి వచ్చిన డబ్బాను మా అవ్వ ఏనాడూ ఖాళీగా తిరిగి పంపలేదు. నాలుగు మురుకులో, రెండు నిమ్మకాయలో వేసి పంపేది. ఇప్పుడు ఆ పొట్లాలు ఎవరికి పోతున్నాయో చూడండి. పిల్లలు బెంగళూరులో, అమెరికాలో ఉండి, ఇక్కడ ఒక్కరే ఉన్న పెద్దవాళ్ళకు. పొట్లం ఇచ్చి వస్తే మళ్ళీ ఆ గడప తొక్కేది మరుసటి ఏడాదే. డబ్బా తెచ్చుకోవాలంటే పది రోజులకు ఇంకోసారి వెళ్ళాలి. కూర్చుని, వాళ్ళతో నాలుగు ముక్కలు తెలుగులో మాట్లాడి రావాలి. కొందరికి వారంలో ఆ ఒక్క పూటే తెలుగు వినబడుతుంది.

ఇక ఆ రోజు అనవలసి ఉండి అనని మాట. పలహారం బాగా చేశారు, పొట్లం మేము కట్టాము, తప్పు మాది. సమావేశంలో ఆ ఏడుగురి ఎదుట లేచి నిలబడి ఇదే చెబుతాము. మిగిలిన ముగ్గురు కూడా మాతో లేస్తారని అనుకుంటున్నాము.

మీ ఇళ్ళలో పాత డబ్బాలు ఉంటే, వాటిలో మీ అవ్వలు ఏమేం దాచేవాళ్ళో రాయండి. చదవాలని ఉంది.