జల్ జంగల్ జమీన్ ఎవరు ఎవరికి నేర్పారు? ఒక గేమ్ థియరీ, మన చరిత్ర

పోస్ట్ కొంచెం పొడుగు. వీడియో గేమ్‌తో మొదలై 1879 దాకా వెళ్తుంది, మధ్యలో వదిలేయకండి.

ఫైనల్ ఫాంటసీ 8 అని జపాన్ వాళ్ల గేమ్ ఒకటుంది. 1999లో ప్లేస్టేషన్‌కి వచ్చింది, అంటే నేను పుట్టకముందు. ఇప్పుడు ఫోన్‌లో కూడా ఆడొచ్చు. ఉండిలో మా హాస్టల్‌లో రాత్రి పది దాటాక నేను ఆడేది అదే. ఇందులో కొట్టుకోవడం కన్నా కథే ఎక్కువ. హీరో స్క్వాల్. అతను ప్రేమించే అమ్మాయి రినోవా. కథ మధ్యలో ఆమెకి మంత్రగత్తె శక్తులు వస్తాయి. అసలు విలన్ అల్టిమీసియా, ఎంతో దూరపు భవిష్యత్తులోని మంత్రగత్తె. నిన్న, నేడు, రేపు అన్నిటినీ నలిపి ఒకే ముద్ద చేయాలని చూస్తుంది.

దీని మీద ఫ్యాన్స్ ఇరవై ఏళ్లు కొట్టుకున్న థియరీ ఏంటంటే, రినోవాయే అల్టిమీసియా అని. స్క్వాల్ పోయాక ఒంటరిగా బతికి బతికి, జ్ఞాపకాలు పోయి, మళ్లీ అతన్ని కలవడానికే కాలాన్ని నలిపేస్తోందట. ఆధారాలు కూడా చూపిస్తారు. స్క్వాల్ ఉంగరం మీద ఉండే సింహం పేరు గ్రీవర్, చివరి పోరాటంలో అల్టిమీసియా పిలిచేదీ గ్రీవర్‌నే. వాళ్లిద్దరూ కలుసుకుందాం అని మాట ఇచ్చుకున్న చోటు దగ్గరే ఆమె కోట ఉంటుంది. గ్రీవర్‌ని స్క్వాల్ మనసులోంచే లాగింది అని గేమ్‌లోనే ఒక మాట ఉంది కాబట్టి నాకు ఆ ఆధారం నిలబడదు అనిపిస్తుంది. కానీ థియరీ అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి.

2019లో డైరెక్టర్ యోషినోరి కితాసెని నేరుగా అడిగితే, అది ఖచ్చితంగా నిజం కాదు అన్నాడు. ఎప్పుడైనా మళ్లీ కొత్తగా తీస్తే ఈ ఆలోచన వాడుకుంటానేమో అని కూడా అన్నాడు. అయినా నమ్మేవాళ్లు నమ్ముతూనే ఉన్నారు.

నా బుర్రలో ఉండిపోయింది మాత్రం ఈ థియరీ కాదు, గేమ్‌లోనే నేరుగా చూపించే ఇంకో ముక్క. చివర్లో స్క్వాల్ కాలంలో వెనక్కి జారి, తను చిన్నపిల్లాడిగా పెరిగిన అనాథాశ్రమానికి వెళ్లిపడతాడు. అక్కడ ఎడియా అనే ఆవిడకి 'సీడ్', 'గార్డెన్' అనే మాటలు చెప్తాడు. తర్వాత ఆవిడే, ఆవిడ భర్తతో కలిసి, ఆ పేర్లతో బడి, సైన్యం పెట్టిస్తుంది. స్క్వాల్ చదివింది ఆ బడిలోనే. మరి ఆ మాట ముందు ఎవరిది? ఎవరిదీ కాదు, గుండ్రంగా తిరుగుతుంది. దీన్ని బూట్‌స్ట్రాప్ పారడాక్స్ అంటారు.

ఇప్పుడు ఆర్ఆర్ఆర్ సినిమా (2022) చివరి సీన్ గుర్తు తెచ్చుకోండి. ఏం కావాలో అడగమని రామ్ అంటే, భీమ్ చదువు అడుగుతాడు. రామ్ జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాస్తాడు. ఆ మాట ఎవరిది? చరిత్రలో అది కొమరం భీముడి నినాదం. నీళ్లు, అడవి, భూమి మావి అని నిజాం మీద లేచిన గోండు నాయకుడి మాట. సినిమాలో ఆయన మాటే ఇంకొకరి చేతిరాతలో ఆయనకి బహుమతిగా వచ్చింది. పైగా భీముడికి చదవడం రాయడం వచ్చనే ఆయన జీవితచరిత్రలు చెప్తాయి.

సినిమాని తిట్టడానికి రాయడం లేదు, నేను మూడుసార్లు చూశాను. ఇద్దరూ కొన్నేళ్లు ఎక్కడున్నారో తెలియని ఖాళీ ఉంది, ఆ ఖాళీలో కలిసి ఉంటే ఎలా ఉంటుందని ఊహించానని రాజమౌళి గారే చెప్పారు. అంటే అది కూడా ఫ్యాన్ థియరీ లాంటిదే. కానీ మా హాస్టల్‌లో ఇంటర్ తమ్ముడొకడు ఇద్దరూ నిజంగానే స్నేహితులనుకుంటున్నాడు. అల్లూరి సీతారామరాజు గారు 1924 మే 7న కొయ్యూరు దగ్గర చనిపోయారు. భీముడు జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. గేమ్ విషయంలో అడగడానికి కితాసె ఉన్నాడు. మన విషయంలో ఎవర్ని అడగాలి? కాగితం మీద ఉన్నదాంట్లో ఎక్కువ భాగం పోలీసులు, కలెక్టర్లు రాసిందే. అందుకే ఖాళీలు. ఖాళీ ఉన్నచోటల్లా ఎవరికి నచ్చిన కథ వాళ్లు పెడతారు. రాజుగారు కొయ్యూరులో చనిపోలేదు, సాధువుగా బతికారు అన్న మాట కూడా చాలా ఏళ్లు తిరిగింది.

రాజుగారి పూర్వీకుల ఊరు మోగల్లు మాకు దగ్గర్లోనే, పాలకోడేరు మండలం. 2022లో భీమవరంలో ముప్పై అడుగుల విగ్రహం కూడా పెట్టారు. ఆయన అంటే ఈ డెల్టాలో ఎంత గౌరవమో, మా బుట్టాయగూడెం వైపు కూడా అంతే. నాకున్న ఇబ్బంది ఆయనతో కాదు, కథ చెప్పే పద్ధతితో. బయటి నుంచి ఒకాయన వచ్చి చెప్పేదాకా మన్యం వాళ్లకి ఎదురుతిరగడం తెలియదు అన్నట్టు చెప్తారు. స్క్వాల్ వచ్చి ఎడియాకి చెప్పినట్టు.

ఏళ్లు కలిపి చూడండి. రాజుగారు పుట్టింది 1897. రంప ఫితూరీ మొదలైంది 1879లో, అంటే ఆయన పుట్టడానికి 18 ఏళ్ల ముందు. మన చెట్టు, మన కల్లు, దాని మీద పన్ను కట్టమన్నారు, లేచారు. అంతకన్నా ముందు 1858లో కారుకొండ సుబ్బారెడ్డి గారిని మా బుట్టాయగూడెంలోనే ఉరితీశారు. శవాన్ని ఇనుప బోనులో పెట్టి రాజమండ్రిలో వేలాడదీశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. డిగ్రీ దాకా వచ్చింది మా ఇంట్లో నేనే మొదట. అయినా ఈ పేరు నేను విన్నది మా తాత నోట, పుస్తకంలో కాదు.

1922లోనూ అంతే. గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని పిండుతుంటే కడుపు మండినవాళ్లలో గాం గంటందొర, గాం మల్లుదొర ఉన్నారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. తుపాకులు మోసుకుపోయిన దారులు ఎవరివి? ఆ అడవిలో పుట్టినవాళ్లవి. రాజుగారు వాళ్లకి ఎంత నేర్పారో, వాళ్ల దగ్గర అంత నేర్చుకుని ఉంటారు. ఇది నా థియరీ, కొట్టుకోవాలంటే కొట్టుకుందాం.

తెలుగులో టైమ్ మెషీన్ అంటే ఆదిత్య 369 (1991). సింగీతం గారి సినిమా, నాకు ఇష్టం. అందులో మెషీన్ వెనక్కి 1526కి, శ్రీకృష్ణదేవరాయల సభకి వెళ్తుంది. ముందుకి 2504కి. మధ్యలో 1879 మీదుగానే పోయి ఉంటుంది, ఆగలేదు.

నన్నడిగితే సినిమా తీయాల్సింది మల్లుదొర మీద. పట్టుబడి, అండమాన్ జైలుకి వెళ్లి, బతికి బయటికొచ్చి, 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. చింతపల్లి స్టేషన్ నుంచి ఢిల్లీ పార్లమెంటుకి ముప్పై ఏళ్లు, ఏ మెషీన్ లేకుండా.

చింతపల్లి, కొయ్యూరు, రాజవొమ్మంగి, పోలవరం వైపు వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఈ ఫితూరీల గురించి ఏ పేర్లు చెప్తారో, రాజుగారి పేరుకి ముందు ఎవరి పేరు చెప్తారో అడిగి రాయండి. ఫోన్‌లో రికార్డ్ చేస్తే ఇంకా మంచిది. మా తాతది నేను పోయిన సంక్రాంతికి చేశాను, 40 నిమిషాలు వచ్చింది, సగం కోయ మాటే.