లూయిస్ ద్వీపమున గ్రంథము, ప్రార్థన

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఎక్కడి సముద్రమధ్యమందలి దీవి కథ యేల యని చదువరులు అడుగవచ్చును. ఆ దీవి ప్రజల భక్తికి పునాది ఒక గ్రంథమును తమ భాషలో చదువ నేర్చుటయే. కావున ఆ చరిత్ర మనకు పరాయిది కాదు.

స్కాట్లండు దేశమునకు వాయవ్యమున హెబ్రిడీస్ దీవులు కలవు. అందు లూయిస్ ఒకటి. అచట చెట్లు అరుదు, గాలి మెండు. ప్రజలు చిన్న కమతములు సాగుచేసికొనుచు, గొఱ్ఱెలను మేపుచు, చేపలు పట్టుచు, ఉన్నివస్త్రములు నేయుచు జీవించిరి. బీళ్లలో త్రవ్వి యెండబెట్టిన పీటు అను నల్లని మన్నే వారికి వంటచెఱకు. వారి భాష గేలిక్.

గేలిక్ భాషలో క్రొత్తనిబంధన 1767లోను, బైబిలు సమగ్రముగా 1801లోను వెలువడెను. కాని పుస్తకమున్నంత మాత్రమున చాలునా? చదువువారు కావలదా? 1811లో ఎడింబరో నగరమున గేలిక్ పాఠశాలల సంఘ మేర్పడెను. ఆ సంఘపు ఉపాధ్యాయుడు ఒక పల్లెలో కొంతకాలముండి, చదువు నేర్పి, వేఱొక పల్లెకు సాగిపోవుచుండెను. పిల్లలతోపాటు పెద్దలును అక్షరములు దిద్దిరి. ఉపాధ్యాయుడు మతబోధ చేయరాదని సంఘనియమము. అయినను చదువ నేర్చిన పిల్లవాడు ఇంటికి పోయి, పొయ్యిచుట్టు కూర్చున్న పెద్దలకు చదివి వినిపించెను. 1824లో అలెగ్జాండర్ మెక్లౌడ్ ఊయిగ్ ప్రాంతమునకు బోధకుడుగా వచ్చెను. ఆ దశాబ్దములోనే దీవియందు గొప్ప భక్త్యుద్యమము చెలరేగెను. అక్షరము దున్నిన నేలలో ప్రార్థన మొలకెత్తెనని చెప్పవచ్చును.

ఉదయసాయంకాలములందు ఇంటిల్లిపాది ప్రార్థించుట అచట వాడుకయయ్యెను. దానిని వారు ‘గ్రంథమును చేపట్టుట’ అనిరి. గుడిలో వాద్యములు లేవు. ఒకడు కీర్తనలోని పాదమును ముందుగా నెత్తుకొనగా, సభయంతయు దానిని సాగదీసి పాడును. పుస్తకము లేనివానికిని, చదువు రానివానికిని అట్లు కీర్తన దక్కెను. 1872 నాటి విద్యాచట్టము గేలిక్ ఊసే యెత్తలేదు. బడి ఆంగ్లమున కప్పగింపబడెను. మాతృభాషకు ఇల్లును గుడియు ఆశ్రయమిచ్చెను.

ఇరువదవ శతాబ్దమున ఆ దీవికి తీరని దుఃఖములు కలిగెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి యిండ్లకు వచ్చుచున్న నావికులతో ‘అయొలేర్’ అను ఓడ 1919 జనవరి 1వ తేదీని రేవు ముంగిటనే రాళ్లకు కొట్టుకొని మునిగెను. రెండువందలకు పైగా మరణించిరి. యుద్ధము చంపనివారిని ఇంటి గుమ్మమునొద్ద సముద్రము పొట్టబెట్టుకొనెను. 1923లో ‘మెటగామా’ అను ఓడ సుమారు 300 మందిని కెనడాకు గొనిపోయెను. వారిలో పెక్కుమంది యువకులు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1949లో, బార్వస్ గ్రామమున పెగ్గీ, క్రిస్టీన్ స్మిత్ అను వృద్ధ సోదరీమణులు తమ గ్రామముకొఱకు పట్టుదలతో ప్రార్థించిరి. ఎనుబదేండ్లు దాటిన ఆ యిరువురిలో ఒకరికి చూపు లేదు. రెండవవారిని కీళ్లనొప్పులు వంచివేసెను. గుడికి పోజాలని వారికి గుడిసెయే గుడియయ్యెను. గ్రామబోధకుడు జేమ్స్ మకై పిలుపున ఆ డిసెంబరులో డంకన్ క్యాంబెల్ అను ప్రచారకుడు వచ్చెను. సభలు రాత్రి ప్రొద్దుపోవువఱకు సాగెను. ఉద్యమము పొరుగు గ్రామములకును ప్రాకి, 1952 వఱకు నిలిచెను.

దానిగూర్చి పిమ్మట అతిశయోక్తులు పుట్టినవి. ఫ్రీ చర్చి బోధకులలో పలువురు ఆనాడే దానిని సమ్మతింపరైరి. క్యాంబెల్ సైతము ఆ జాగృతిని తాను తెచ్చితినని చెప్పుకొనలేదు. ప్రచారకుడు వచ్చి పోవును. అతనికి ముందు నూఱేండ్లకు పైగా పొయ్యిప్రక్కన చదివినవారు, పాడినవారు, ప్రార్థించినవారు లేకున్న ఆ మాటలు ఎవరి చెవిని సోకెడివి?

మతము ఏదైనను మనము గ్రహింపవలసిన దొకటి కలదు. గ్రంథము అలమరలో నున్నంతకాలము కాగితమే. చదువు వచ్చినవాడు రానివాని సరసను కూర్చుండి, అతని భాషలో చదివి వినిపించిననాడు అది ఊరి సొత్తగును. మన గ్రంథాలయమున సాయంకాలము దీపము వెలిగించువారు ఈ మాట మఱవకుందురు గాక.