పోయినవాళ్ళు కాపాడిన తోట

గజం నేల లక్షలు పలికే పేట మాది. లండన్ నడిబొడ్డున, బ్రన్స్‌విక్ స్క్వేర్ వెనక ఉంటాం. ఇక్కడ సెయింట్ జార్జ్స్ గార్డెన్స్ ఇంకా తోటగానే మిగిలిందంటే అది కింద పడుకున్నవాళ్ళ చలవే.

1713లో మా బ్లూమ్స్‌బరీ పేటలోని రెండు చర్చిల శ్మశానం కోసం ఈ నేల కొన్నారు. అప్పటికిది పొలాల మధ్య ఉండేది. చర్చి నీడ వదిలి ఇంత దూరాన పూడ్చడమా అని జనం జంకారు. 1715లో భక్తి గ్రంథాల రచయిత రాబర్ట్ నెల్సన్‌ను ఇక్కడ ఖననం చేశాక ఆ బెరుకు తీరింది. పెద్దాయనకు లేని పట్టింపు మనకెందుకు అనుకుని ఉంటారు. ఆలివర్ క్రామ్‌వెల్ మనవరాలు ఆనా గిబ్సన్ సమాధి కూడా ఇక్కడే ఉంది.

ఆ కాలంలో వైద్యం నేర్చుకునేవాళ్ళకు కోసి చూడటానికి శవాలు చాలేవి కావు. డబ్బిచ్చి దొంగచాటుగా కొనేవాళ్ళు. 1777లో ఇక్కడ అప్పుడే పూడ్చిన ఒక స్త్రీ శవం మాయమైంది. పట్టుబడ్డది ఎవరయ్యా అంటే గోతులు తవ్వే కాటికాపరి, అతని సహాయకుడు! కంచే చేను మేసింది. ఇద్దరికీ జైలు, పైన కొరడా దెబ్బలు.

నగరం పెరిగి శ్మశానాలు కిక్కిరిశాయి, కలరా వచ్చింది. 1852 చట్టంతో నగరంలోని శ్మశానాల మూసివేత మొదలై, 1855లో దీని వంతు వచ్చింది. 1880ల్లో సమాధిరాళ్ళను గోడల వారకు చేర్చి, చుట్టుపక్కల ఇరుకు కొంపల్లోని జనం గాలి పీల్చుకోవడానికి తోట చేశారు. వాడకం లేని శ్మశానాల్లో భవనాలు కట్టకూడదని 1884లో వచ్చిన చట్టమే దీనికి అసలు కంచె.

తర్వాత మళ్ళీ పాడుపడితే, 1994లో ఇరుగుపొరుగువాళ్ళు సంఘం కట్టారు. 2001లో లాటరీ నిధులతో బాగుచేశారు. ఇప్పుడు నాచు పట్టిన పెట్టె సమాధుల మధ్య పూలమొక్కలు, ఓ పక్క కాల్చిన మట్టితో చేసిన గ్రీకు సంగీత దేవత యుటర్పీ విగ్రహం. ఆవిడ వచ్చింది టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోని ఒక మద్యశాల నుంచి. చర్చి శ్మశానంలో ఆవిడకేం పని అని ఇక్కడ ఎవరూ అడగరు.

మా అత్తగారు మాత్రం బెంచీల మీద డబ్బాలు విప్పుకుని తింటున్నవాళ్ళను చూసి, "ఇదేం చోద్యమే, శ్మశానంలో భోజనాలా!" అంది. ఇంటికొచ్చి తలస్నానం చేసింది. మర్నాడు సాయంత్రం తనే పదమంది.

బ్రిటిష్ మ్యూజియం చూడటానికి వచ్చే మనవాళ్ళు ఓ పావుగంట నడిచి ఇటు కూడా రండి. టిక్కెట్టు లేదు. చీకటి పడితే గేట్లు మూసేస్తారు.