కొత్త మంత్రానికి తూకం: పాత్రధారణ ఆటల్లో ఒక నియమ చరిత్ర

కాగితం, పెన్సిలు, పాచికలు పరికరాలుగా కొద్దిమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్రను ధరించి, సంభాషణ ద్వారానే కథను ముందుకు నడిపే ఆటలను పాత్రధారణ ఆటలు అంటారు. ఆ బృందంలో ఒకరు మాత్రం కథాలోకాన్ని వర్ణిస్తూ, నియమాలకు భాష్యం చెబుతూ తీర్పరిగా వ్యవహరిస్తారు. మాంత్రికుడి పాత్రను ధరించినవారు పుస్తకంలోని మంత్రాలతో సరిపెట్టుకోనక్కరలేదు, సొంతంగా కొత్త మంత్రాన్ని కల్పించి ఆటలోకి తేవచ్చు. అయితే ఆ మంత్రం ఎంత బలంగా ఉండాలి, దానికి ఏ మూల్యం చెల్లించాలి, తోటి ఆటగాళ్ల పాత్రలు దానివల్ల వెలవెలబోకుండా ఎలా చూడాలి అన్న ప్రశ్నలు ఆ స్వేచ్ఛతో పాటే పుట్టాయి. వీటికి కాలక్రమంలో వచ్చిన సమాధానాలను పరిశీలిస్తే, బంగారం, సూత్రం, పట్టిక అనే మూడు కొలమానాలు ఒకదాని తరువాత ఒకటి ముందుకు వచ్చాయని, వాటిలో ఏదీ తీర్పరి వివేకానికి ప్రత్యామ్నాయం కాలేకపోయిందని స్పష్టమవుతుంది.

ఈ ఆటల్లోని మంత్రాలకు మూలం యుద్ధక్రీడలో ఉంది. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రచించి 1971లో వెలువరించిన చెయిన్‌మెయిల్ అనే బొమ్మసైనికుల ఆటకు అనుబంధంగా వచ్చిన అద్భుతలోక నియమాల్లో, మాంత్రికుడు విసిరే అగ్నిగోళపు విస్తృతిని రాళ్లు విసిరే పెద్ద యంత్రంతోనూ, పిడుగు దెబ్బను ఫిరంగితోనూ సమానంగా లెక్కించారు. ఆటలో అప్పటికే ఉన్న ఒక ఆయుధాన్ని ప్రమాణంగా తీసుకుని కొత్త శక్తిని కొలిచే పద్ధతి అక్కడే మొదలైంది. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణానికి చెందిన టీఎస్ఆర్ సంస్థ ప్రచురించినప్పుడు, మంత్రాలు బలాన్ని బట్టి స్థాయిలుగా విభజితమయ్యాయి, ఆటగాడు కొత్త మంత్రాన్ని పరిశోధించి సాధించే వీలు కూడా ఆ నియమాల్లోనే చేరింది.

ఆ నియమం ప్రకారం ఒకటో స్థాయి మంత్రానికి 2,000 బంగారు నాణేలు వెచ్చిస్తే పరిశోధన ఫలించే అవకాశం 20 శాతం ఉంటుంది. వ్యయాన్ని అంతే మొత్తం చొప్పున పెంచిన కొద్దీ ఆ అవకాశం కూడా 20 శాతం చొప్పున పెరుగుతుంది కనుక, తప్పక ఫలించాలంటే 10,000 నాణేలు కావాలి. స్థాయి పెరిగిన ప్రతిసారీ ఈ మూల్యం రెట్టింపై, ఆరో స్థాయికి ప్రతి 20 శాతానికీ 64,000 నాణేలకు చేరుతుంది. మంత్రం ఏ స్థాయికి చెందుతుందో మాత్రం తీర్పరే నిర్ణయించాలి. ఈ విధానంలోని లోపం దాని నిర్మాణంలోనే ఉంది: బంగారం ఒక్కసారి ఖర్చయ్యే వస్తువు, మంత్రమేమో ఒకసారి చేతికి వచ్చాక ఆట సాగినంత కాలం మళ్లీ మళ్లీ ప్రయోగించగల సాధనం. ఒక్కసారి చెల్లించే ధర కొత్త మంత్రాల సంఖ్యను అదుపు చేయగలదు గాని, వాటి బలాన్ని అదుపు చేయలేదు. కాబట్టి సమతుల్యత భారమంతా స్థాయిని నిర్ణయించే తీర్పరి మీదనే పడింది.

మంత్రాన్ని దాని సృష్టికర్త పేరుతో పిలిచే ఆచారం కూడా ఈ ఆటలో గౌరవం పొందింది. మాంత్రికుడు కొద్దిపాటి మంత్రాలను మనసులో నిలుపుకొని, ప్రయోగించగానే వాటిని మరచిపోయే పద్ధతిని గైగాక్స్ అమెరికన్ రచయిత జాక్ వాన్స్ కథల నుంచి గ్రహించారు. 1950లో వచ్చిన ది డయింగ్ ఎర్త్ సంపుటిలోని ఆ కథల్లో కూడా కొన్ని మంత్రాలు ప్రాచీన మాంత్రికుల పేర్లతోనే వినిపిస్తాయి. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్ల గ్రంథంలో టెన్సర్, మోర్డెన్‌కైనెన్, బిగ్బీ వంటి పేర్లు గల మంత్రాలు అనేకం చేరాయి. మోర్డెన్‌కైనెన్ స్వయంగా గైగాక్స్ ధరించిన పాత్ర, టెన్సర్ ఆయన కుమారుడు ఎర్నెస్ట్ ధరించిన పాత్ర. ఈనాటికీ లక్షలాదిమంది వాడే ఈ మంత్రాల పేర్లు ఒక చిన్న ఆటల బృందం జ్ఞాపకాలు. ఆటగాళ్ల సృజనను నియమగ్రంథానికి అవతల కాక, దాని నడిబొడ్డున నిలిపిన ఘనత ఆ తరానిది.

తూకం విషయానికి మళ్లీ వస్తే, దెబ్బ తీవ్రతను కొలవడం సులభమే అయినా, అది కూడా అనుభవం మీదనే కుదిరింది. తొలి నియమాల్లో అగ్నిగోళం మాంత్రికుడి అనుభవ స్థాయికి ఒకటి చొప్పున ఆరుముఖాల పాచికలంత హాని చేసేది. ఇరవయ్యో స్థాయి మాంత్రికుడికి ఇరవై పాచికలు, అంటే సగటున 70 హాని లభించేది. డేవిడ్ కుక్ ఆధ్వర్యంలో 1989లో వచ్చిన రెండవ కూర్పు దానికి 10 పాచికల పరిమితి విధించి, సగటును 35 వద్ద నిలిపింది. హాని లేని మంత్రాల విషయం ఇంతకంటే క్లిష్టమైనది. తాళాలు తెరిచే నాక్ మంత్రం 1974 నాటి పుస్తకంలోనే ఉండగా, తాళాలు తెరవడమే ప్రధాన విద్యగా గల దొంగ పాత్ర 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చింది. దొంగ తన విద్య ఫలిస్తుందో లేదో పాచికలు వేసి తెలుసుకోవలసి ఉండగా, మాంత్రికుడు ఒక్క మంత్రంతో అదే పనిని నిశ్చయంగా చేయగలిగాడు. ఒక్క ప్రాణికీ హాని చేయని ఆ మంత్రం ఒక తోటి ఆటగాడి ప్రత్యేకతను హరించింది. 2014 నాటి ఐదవ కూర్పులో అదే మంత్రం 300 అడుగుల దూరం వరకు వినిపించే శబ్దం చేస్తుంది. బలాన్ని తగ్గించకుండా, దానికి ప్రతిగా ఒక ప్రమాదాన్ని జతచేసి దొంగ పాత్రకు విలువ మిగిల్చిన ఈ సవరణ, కొత్త మంత్రం కల్పించేవారందరూ అధ్యయనం చేయదగిన ఉదాహరణ.

1980ల దశకంలో తీర్పరి ఊహకు బదులుగా గణితాన్ని ఆశ్రయించిన ఆటలు వచ్చాయి. 1981లో వచ్చిన ఛాంపియన్స్ అనే మహావీరుల ఆటలో ప్రతి శక్తికీ ఒక మూల ధర ఉంటుంది. అదనపు ప్రయోజనాలు ఆ ధరను హెచ్చిస్తాయి, పరిమితులు దానిని తగ్గిస్తాయి. అయితే ఆటలో ఎన్నడూ ఎదురుకాని పరిమితిని చేర్చి ధర తగ్గించుకునే నేర్పును ఆటగాళ్లు త్వరలోనే అలవరచుకోవడంతో, నిజంగా ఇబ్బంది పెట్టని పరిమితికి విలువ లేదన్న సూత్రం అవసరమైంది. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్‌హేగన్ 1987లో రూపొందించిన ఆర్స్ మాజికా మరింత సమగ్రమైన ప్రయత్నం చేసింది. సృష్టించడం, గ్రహించడం, మార్చడం, నశింపజేయడం, నియంత్రించడం అనే ఐదు క్రియలను అగ్ని, జలం, దేహం, మనసు వంటి పది విషయాలతో జతచేసి మంత్రాన్ని నిర్మించడం దాని పద్ధతి. ఈ ఆట ఐదవ కూర్పులో 15 హాని చేసే అగ్నికి మూల స్థాయి 10 కాగా, దానిని గొంతు వినిపించే దూరం వరకు ప్రయోగించాలంటే రెండు మెట్లు, మెట్టుకు ఐదు చొప్పున, కలిపి 20వ స్థాయి అవుతుంది. మాంత్రికుడు ప్రయోగశాలలో గడిపే ఋతువులే అక్కడ ముఖ్యమైన మూల్యం. కొత్త మంత్రాన్ని మినహాయింపుగా కాక ఆటకు కేంద్రంగా భావించడంలో ఈ గ్రంథానిదే అగ్రస్థానం.

2000లో వెలువడి 2003లో సవరణ పొందిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడవ కూర్పు రూపకర్తల్లో ట్వీట్ కూడా ఒకరు. అందులోని తీర్పరి మార్గదర్శి స్థాయిని బట్టి మాంత్రిక హానికి గరిష్ఠ పరిమితులను పట్టికగా ఇచ్చింది: ఒకే లక్ష్యం గల ఒకటో స్థాయి మంత్రానికి 5 పాచికలు, మూడో స్థాయికి 10 పాచికలు. ఇంత జాగ్రత్త వహించిన కూర్పులోనే, ఒక్క వంతులో రెండు మంత్రాలు ప్రయోగించే వీలు కల్పించిన హేస్ట్ మంత్రం ఆటను అతలాకుతలం చేయగా, 2003 సవరణలో ఆ వీలును తొలగించవలసి వచ్చింది. హానిని మాత్రమే కొలిచే పట్టికకు కాలాన్ని రెట్టింపు చేసే మంత్రం అందదు. ఐదవ కూర్పు మార్గదర్శి పట్టిక ప్రకారం, అనేక లక్ష్యాలను తాకే మూడో స్థాయి మంత్రానికి ఆరుముఖాల పాచికలు 6, సగటు హాని 21. అదే స్థాయిలోని అధికారిక అగ్నిగోళం మాత్రం 8 పాచికలతో సగటున 28 హాని చేస్తుంది. ఆటకు ప్రతీకగా నిలిచిన మంత్రానికి ఇచ్చిన ఈ గౌరవాన్ని ఆధారం చేసుకుని ఎవరైనా కొత్త మంత్రాన్ని తూచితే, ఆ తూకం మొదటే తప్పుతుంది. అందుకే పోలిక ఒక్క ప్రసిద్ధ మంత్రంతో కాక, ఆ స్థాయిలోని పలు మంత్రాలతో జరగాలి.

ఈ చరిత్ర నుంచి గ్రహించవలసిన తీర్పు ఒక్కటే. అంకెలు హానిని, దూరాన్ని, వ్యవధిని కొలవగలవు, తోటి ఆటగాడి పాత్ర విలువను కొలవలేవు. కొత్త మంత్రాన్ని ప్రతిపాదించేవారు అదే స్థాయి మంత్రాలతో దానిని పోల్చి, అది ఎవరి విద్యను ఆక్రమిస్తుందో పరిశీలించి, కొంతకాలం ప్రయోగాత్మకంగా వాడి, బృందం అంగీకారంతో సవరించుకోవడానికి ముందే సిద్ధపడాలి. బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ చేయదగిన పని మిగిల్చిన మంత్రమే సరైన తూకం గల మంత్రం.