ఊగిసలాడే కొలతలు

కొలిచే పరికరము చూపు అంకె నిలకడగా ఉండనిచో మూడు కారణములుండవచ్చును. కొలువబడు వస్తువే మారుచుండవచ్చును, పరికరములో లోపముండవచ్చును, లేదా పరిసరములలోని మరేదో శక్తి దానిని కదలించుచుండవచ్చును. ఈ మూటిని విడదీయు పద్ధతి చాల కాలముగా అలవడుచు వచ్చినది.

బొంబాయిలోని కొలాబా వేధశాలలో 1841 నుండి భూమి యొక్క అయస్కాంత బలమును కొలుచుచుండిరి. 20వ శతాబ్ది ఆరంభమున ఆ నగరమందు గుర్రపు ట్రాములకు మారుగా విద్యుత్ ట్రాములను నడుప తలపెట్టిరి. పట్టాల నుండి నేలలోనికి జారు విద్యుత్ప్రవాహము సున్నితమైన సూచికలను కదల్చివేయును. 60 ఏండ్లకు పైబడిన కొలతల వరుస చెడిపోవు ప్రమాదమేర్పడెను. వేధశాలాధిపతియైన మూస్, సముద్రమున కావల నున్న అలీబాగులో అయస్కాంత గుణము లేని రాతితో క్రొత్త వేధశాలను కట్టించెను. 1904లో అక్కడ పని మొదలైనది. అయినను కొలాబాను వెంటనే మూయలేదు. 1906 వరకు రెండు చోట్లను ఒకేసారి కొలతలు తీసి, వాటి నడుమ గల భేదమును నిర్ణయించిరి. అందుచేత పాత వరుస తెగక క్రొత్త వరుసతో కలిసినది. విద్యుత్ ట్రాములు 1907లో నడిచెను.

హైదరాబాదులో 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1964లో ఉప్పల్ దారిలో ఇట్టి వేధశాలనే నెలకొల్పినది. ఇచ్చట భూమి యొక్క అయస్కాంత బలము 40,000 నానోటెస్లాలకు కొంచెము పైన ఉండును. అందులో ఒక దినమున కలుగు మార్పు సాధారణముగా కొన్ని పదులు మాత్రమే. నగరపు సందడిలో ఇంత చిన్న మార్పును పట్టుట కష్టము. ఈ సంస్థ కూడ తరువాత విజయవాడ దారిలోని చౌటుప్పలులో మరియొక వేధశాలను ఏర్పరచుకొన్నది.

సికిందరాబాదు స్టేషను దగ్గరి రెజిమెంటల్ బజారులో ఒక బల్లపై ఉంచిన మైక్రోకంట్రోలరుకును ఇదే చిక్కు కలుగును. 5 వోల్టులను 1,024 మెట్లుగా విభజించు పరికరములో ఒక్కొక్క మెట్టు సుమారు 5 మిల్లీవోల్టులు. ఏ తీగయు కలుపని అనలాగ్ మొన, గోడలోని 50 సైకిళ్ల కరెంటును గాలి నుండియే గ్రహించి, అంకెలను ఇష్టము వచ్చినట్లు చూపును.

అప్పుడు మూస్ వలెనే పోల్చి చూడవలెను. ఆ మొనను ఎర్తు తీగకు కలిపి చూడుడు. అంకె సున్న వద్ద నిలిచినచో లోపము సాధారణముగా వెలుపలి తీగలలోనో, సెన్సారులోనో ఉండును. పిదప సెన్సారును తీసి, రెండు నిరోధకముల నుండి ఒక స్థిరమైన వోల్టేజిని ఇచ్చి చూడుడు. అదియు ఊగినచో, కరెంటు సరఫరాను మార్చి బ్యాటరీతో పరీక్షింపుడు. ఏలయన సరఫరాయే కొలబద్దయైన చోట, కొలబద్ద సాగినను కుంచించినను అంకె మారును. చివరకు తీగను పొట్టి చేసి, మొన వద్ద ఒక చిన్న కెపాసిటరు కలుపవచ్చును.

పెక్కు కొలతల సగటు తీయుట సులభమే. 20 మిల్లీసెకండ్ల పొడవున తీసిన సగటు 50 సైకిళ్ల ఊగును చాలవరకు అణచును. కాని వదులైన కీలును, వంకరైన కొలబద్దను సగటు సరిచేయలేదు, కప్పిపుచ్చును. కొలాబాలోను ట్రాముల ప్రభావమును సగటుతో మాపుదమని కూర్చుండినచో, ఆ 60 ఏండ్ల శ్రమకు కొనసాగింపు దక్కియుండెడిది కాదు. కారణమును వెదకుట ముందు, సగటు తీయుట తరువాత.